ఉచిత ట్యాక్స్ ఫైలింగ్‌కు చట్టం అండ లేకపోతే ఏమవుతుందో రెండేళ్లలో తెలిసిపోయింది

అమెరికాలో నెలజీతం మీద బతికేవాళ్ల ఆదాయంలో అక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు తెలియకుండా ఉండేది చాలా తక్కువ. ఏడాది జీతం, కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ మనకు ఇచ్చే డబ్ల్యూ-2 ఫారం కాపీ జనవరి 31 కల్లా సోషల్ సెక్యూరిటీ వాళ్లకు చేరాలి, అక్కణ్ణుంచి ఐఆర్ఎస్‌కు వెళ్తుంది. బ్యాంకు వడ్డీ, డివిడెండ్లు, నిరుద్యోగ భృతి, షేర్ల అమ్మకాలు ఏదో ఒక 1099 ఫారం (జీతం కాని ఆదాయం చూపేది) రూపంలో ఐఆర్ఎస్‌కే చేరతాయి. అయినా ఆ అంకెల్నే మనం మళ్లీ ఒక ప్రైవేటు సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, దానికి డబ్బు కట్టి, ఆ అంకెలు ముందే తెలిసిన ఐఆర్ఎస్‌కే పంపుతున్నాం. సగటు రిటర్న్‌కు దాదాపు 13 గంటల సమయం, 250 డాలర్లకు పైగా ఖర్చు అవుతుందని, వ్యక్తులు వేసే ప్రధాన రిటర్న్ అయిన 1040 ఫారం సూచనల పుస్తకాల్లో ఐఆర్ఎస్సే అంచనా కట్టింది.

ఈ పనిని ప్రభుత్వమే ఉచితంగా చేసిపెట్టడం సాధ్యమేనని 2024లో రుజువైంది. డైరెక్ట్ ఫైల్ అనే సర్వీసును ఐఆర్ఎస్ ఆ ఏడాది 12 రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా పెట్టింది. టెక్సాస్, ఫ్లోరిడా, వాషింగ్టన్ లాంటి రాష్ట్ర ఆదాయపన్ను లేనివి ఎనిమిది, పన్ను ఉన్నవి నాలుగు: కాలిఫోర్నియా, న్యూయార్క్, మసాచుసెట్స్, అరిజోనా. ఆ సీజన్‌లో 1,40,803 రిటర్న్‌లు అంగీకారం పొందాయి. 2025లో రాష్ట్రాలు 25 అయ్యాయి, రిటర్న్‌లు 2,96,531కి పెరిగాయి. 2026 సీజన్‌కు ఆ సర్వీసు లేదని 2025 నవంబరులో రాష్ట్రాలకు కబురు వెళ్లింది. అంతటితో అయిపోయింది.

అది సరిగ్గా పనిచేయక ఆగిపోలేదు. మొదటి ఏడాది అభిప్రాయం చెప్పినవాళ్లలో 90 శాతం మంది బాగుందనో, చాలా బాగుందనో అన్నారు. ఆగిపోవడానికి కారణం ఒక్కటే, దాన్ని నడిపి తీరాలని చెప్పే చట్టం లేదు. 2022 ఆగస్టులో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ ఐఆర్ఎస్‌కు కోటీ 50 లక్షల డాలర్లు ఇచ్చింది, కానీ ఇలాంటి సర్వీసు సాధ్యాసాధ్యాలు, ఖర్చు తేల్చి నివేదిక ఇవ్వమని మాత్రమే. ఆ నివేదిక తర్వాత పైలట్ పెట్టడం, 2024 మేలో దాన్ని శాశ్వతం చేస్తున్నామనడం, చివరికి తీసేయడం అన్నీ పాలనాపరమైన నిర్ణయాలే. ఒక ప్రభుత్వం రాసుకున్నదాన్ని తర్వాతి ప్రభుత్వం కొట్టేయగలిగింది. 2025 జులైలో చట్టమైన వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్ కూడా మరో కోటీ 50 లక్షల డాలర్లు కేటాయించింది. ఈసారి దేనికంటే, డైరెక్ట్ ఫైల్ బదులు ప్రైవేటు కంపెనీలతో కలిసి 70 శాతం మందికి ఉచిత ఫైలింగ్ ఇవ్వడానికి ఎంతవుతుందో లెక్కగట్టడానికి.

అందుకే సెనేటర్ ఎలిజబెత్ వారెన్ ముందుకు తెచ్చిన ట్యాక్స్ ఫైలింగ్ సింప్లిఫికేషన్ యాక్ట్‌ను మళ్లీ తీసి చదవాలి. మొదట 2016లో పెట్టారు, ఆ తర్వాత 2019లో, 2022లో కూడా. అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ రెండేళ్ల గడువు ముగిస్తే పాస్ కాని బిల్లు దానంతటదే చచ్చిపోతుంది, కొత్త కాంగ్రెస్‌లో కొత్త నంబరుతో మళ్లీ మొదలుపెట్టాలి. ఆ బిల్లు సారాంశం ఇది. ఐఆర్ఎస్ తానే ఉచిత ఆన్‌లైన్ ఫైలింగ్ సర్వీసు తయారు చేయాలి. అలా చేయకుండా తన చేతులు కట్టేసే ఒప్పందాలు ఎవరితోనూ కుదుర్చుకోకూడదు. మన గురించి తన దగ్గరున్న సమాచారాన్ని మనం డౌన్‌లోడ్ చేసుకోనివ్వాలి. లెక్క సులువుగా ఉన్నవాళ్లు కోరుకుంటే రిటర్న్ తనే నింపి ఇవ్వాలి. యజమానులు, బ్యాంకుల నుంచి ఆ వివరాలు ఐఆర్ఎస్‌కు ఇంకా ముందే అందేలా చూడాలి.

ఒప్పందాల నిషేధం ఎందుకు కావాలో తెలియాలంటే 2002కు వెళ్లాలి. ఆ ఏడాది అక్టోబరులో ఐఆర్ఎస్ ట్యాక్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీల కూటమితో ఫ్రీ ఫైల్ ఒప్పందం కుదుర్చుకుంది. ఆదాయం ఒక స్థాయికి లోపున్నవాళ్లకు కంపెనీలు ఉచితంగా ఫైల్ చేసిపెట్టాలి, బదులుగా ఐఆర్ఎస్ సొంత సాఫ్ట్‌వేర్‌తో ఆ మార్కెట్లోకి దిగకూడదు. కాగితం మీద దాదాపు 70 శాతం మంది అర్హులు. వాడుకున్నవాళ్లు మాత్రం నూటికి మూడు కూడా లేరు. అర్హత ఉండీ 1 కోటీ 40 లక్షల మందికి పైగా డబ్బు కట్టి ఉండొచ్చని ట్రెజరీ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2020లో లెక్క తేల్చింది. 2019లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ బయటపెట్టిన సంగతి ఇంకా ఘోరం: ఫ్రీ ఫైల్ పేజీలు గూగుల్ వెతుకులాటలో కనబడకుండా సైట్ కోడ్‌లోనే ఏర్పాటు చేసి ఉంది. ఆ ఏడాదే ట్యాక్స్‌పేయర్ ఫస్ట్ యాక్ట్‌లో ఫ్రీ ఫైల్‌ను శాశ్వతం చేసే నిబంధన చేర్చబోయారు. గొడవ రేగాక తీసేశారు. పోటీకి రామన్న మాటను 2019 డిసెంబరులో ఒప్పందం నుంచి తొలగించారు, పేజీలు దాచడాన్నీ నిషేధించారు. ఆ తర్వాత రెండు పెద్ద ట్యాక్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు, హెచ్అండ్ఆర్ బ్లాక్, ఇంట్యూట్, కూటమి నుంచి బయటకు నడిచాయి. 2022లో ఇంట్యూట్ 50 రాష్ట్రాలతో 14 కోట్ల 10 లక్షల డాలర్లకు రాజీ పడింది. ఇంత జరిగినా, రేపు అలాంటి ఒప్పందం మళ్లీ కుదరకుండా ఆపే చట్టం ఈ రోజుకీ లేదు.

చట్టం ఉన్నంత మాత్రాన పని అయిపోతుందని అనుకోవడానికీ లేదు. 1998 నాటి ఐఆర్ఎస్ సంస్కరణల చట్టంలో 2004వ సెక్షన్ ఉంది. 2007 తర్వాతి సంవత్సరాలకు, తగినవాళ్లు అసలు రిటర్న్ వేయనక్కర్లేని విధానం తయారు చేయమని ట్రెజరీని ఆదేశించింది, ఏటా ప్రగతి నివేదిక ఇమ్మంది. ఆ విధానం రాలేదు. డబ్బు కేటాయించలేదు, గడువు దాటితే ఏమవుతుందో రాయలేదు. కొత్త బిల్లులో నేను మొదట వెతికేవి ఈ రెండే. ఏటా బడ్జెట్ బిల్లులో ఒక్క వాక్యం చేర్చి నిధులు ఆపేసే వీలుంటే సర్వీసు ఒక్క సీజన్‌లో మూతపడుతుంది.

ఖర్చు గురించి వ్యతిరేకులు అడిగేది న్యాయమైన ప్రశ్న. పైలట్‌కు ఐఆర్ఎస్ చెప్పిన ఖర్చు 2 కోట్ల 46 లక్షల డాలర్లు. భాగిస్తే ఒక్కో రిటర్న్‌కు 175 డాలర్లు దాకా తేలుతుంది, బయట సాఫ్ట్‌వేర్ కొన్నా అంత కాదు. అయితే ఇందులో ఎక్కువ భాగం మొదటిసారి కట్టడానికైన ఖర్చు. 2023 మే నివేదికలో ఏటా అయ్యే ఖర్చును 50 లక్షల మంది వాడితే 6 కోట్ల 40 లక్షల డాలర్లుగా, రెండున్నర కోట్ల మంది విస్తృతంగా వాడితే 24 కోట్ల 90 లక్షలుగా అంచనా వేశారు. అంటే మనిషికి 10 నుంచి 13 డాలర్లు. వాడేవాళ్లు పెరిగితేనే ఈ లెక్క కుదురుతుంది, ఏటా ఉంటుందో ఊడుతుందో తెలియని సర్వీసుకు వాడేవాళ్లు పెరగరు. పైగా కట్టిన కోడ్ వృథా కాలేదు. 2025లో దాన్ని గిట్‌హబ్‌లో అందరికీ తెరిచి పెట్టారు. పన్ను చట్టాన్ని ఒకదానిమీద ఒకటి ఆధారపడే చిన్న చిన్న వాస్తవాలుగా విడగొట్టి రాసిన ‘ఫ్యాక్ట్ గ్రాఫ్’ అందులో ఉంది. ఏ ప్రశ్నకు ఏ జవాబిస్తే ఏ లైను మారుతుందో అందులో చూసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లు ఒకసారి తెరిచి చూడండి, ప్రభుత్వ కోడ్ ఇంత శుభ్రంగా ఉండగలదా అనిపిస్తుంది.

ఇక అన్నిటికంటే చిక్కు ముడి, ముందే నింపిన రిటర్న్. వినడానికి తేలిక: ఐఆర్ఎస్ నింపి పంపుతుంది, మనం చూసి సరే అంటాం. మొదటి ఇబ్బంది తేదీలది. డబ్ల్యూ-2లు జనవరి 31కి వచ్చేస్తాయి. కానీ 1099-ఐఎన్‌టీ (వడ్డీ), 1099-బీ (షేర్ల అమ్మకాలు) లాంటివి ఎలక్ట్రానిక్‌గా ఐఆర్ఎస్‌కు చేరడానికి గడువు మార్చి 31. రీఫండ్ కోసం ఎదురుచూసేవాళ్లు ఫిబ్రవరిలోనే వేసేస్తారు. గడువులు ముందుకు జరపకుండా ముందే నింపిస్తామనడం ఖాళీ ఫారం చేతిలో పెట్టడమే. ఆ బిల్లులో సమాచారం ముందే రావాలన్న నిబంధన పెద్దగా ఎవరి కంటా పడదు, అసలు పునాది అదే.

రెండో ఇబ్బంది, ఐఆర్ఎస్ దగ్గరున్న అంకె ఒక్కోసారి పూర్తి నిజం చెప్పదు. ఐటీలో పనిచేసేవాళ్లకు ఇది బాగా తగులుతుంది. మీకు ఆర్ఎస్‌యూలు (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్లు) 100, ఒక్కోటి 150 డాలర్లప్పుడు వెస్ట్ అయ్యాయనుకోండి, అంటే మీ సొంతమయ్యాయి. ఆ 15,000 డాలర్లు జీతంతో కలిసి డబ్ల్యూ-2 ఒకటో గడిలో చేరిపోతాయి, వాటిమీద పన్ను అక్కడే పడుతుంది. నెల తర్వాత 152 చొప్పున అమ్మితే 15,200 వస్తాయి, అసలు లాభం 200. కానీ బ్రోకరు పంపే 1099-బీలో కొన్న ధర గడి చాలాసార్లు సున్నానో ఖాళీనో ఉంటుంది. ఐఆర్ఎస్‌కు కనబడే లాభం 15,200. మీది 24 శాతం శ్లాబు అయితే 48 డాలర్లు కట్టాల్సిన చోట 3,648 కడతారు, ఒకే సొమ్ముకు రెండుసార్లు. దీన్ని సరిచేయాలంటే బ్రోకరు విడిగా ఇచ్చే సప్లిమెంటల్ కాగితంలో సవరించిన ధర చూసి, అమ్మకాల వివరాలు రాసే 8949 ఫారంలో కోడ్ బీ పెట్టి సవరణ వేయాలి. ఉద్యోగులు కంపెనీ షేర్లను తగ్గింపు ధరకు కొనే ఈఎస్‌పీపీలోనూ ఇదే గొడవ: డిస్కౌంటు భాగం డబ్ల్యూ-2లో చేరుతుంది, 1099-బీలో మాత్రం మీరు కట్టిన తగ్గింపు ధరే ఉంటుంది. ప్రభుత్వం నింపిన అంకె కదా అని కళ్లు మూసుకుని ఒప్పుకుంటే నష్టం మనదే.

మన దేశంలో ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ వాడినవాళ్లకు ఏఐఎస్ (వార్షిక సమాచార పట్టిక) తెలుసు. జీతం, వడ్డీ, మ్యూచువల్ ఫండ్ అమ్మకాలు అందులో వరుసగా కనబడతాయి, తప్పున్న లైను పక్కనే ఫీడ్‌బ్యాక్ నొక్కి ఇది నాది కాదనో, మొత్తం సరికాదనో చెప్పొచ్చు. పోర్టల్ ప్రభుత్వానిది, ఫైలింగ్ ఉచితం. అమెరికా బిల్లులో కూడా ఈ ఏర్పాటు స్పష్టంగా ఉండాలని నా అభిప్రాయం: ప్రతి అంకె ఎవరు పంపారో కనబడాలి, పక్కనే అభ్యంతరం చెప్పే వీలుండాలి, అభ్యంతరం చెప్పినందుకు రీఫండ్ ఆగకూడదు.

ఐఆర్ఎస్‌కు అసలే తెలియనివి ఇంకో రకం. పిల్లవాడు ఏడాదిలో సగానికి పైగా ఎవరింట్లో ఉన్నాడు, ఇంటిఖర్చు ఎవరు భరించారు, డేకేర్‌కు ఎంత కట్టారు, మన దేశంలో ఎన్ఆర్‌ఈ (ప్రవాసుల బ్యాంకు) ఖాతాలో వడ్డీ ఎంత వచ్చింది. ఎన్ఆర్‌ఈ వడ్డీకి అక్కడ పన్ను లేదు గానీ, అమెరికా పన్నుల లెక్కలో రెసిడెంట్ అయినవాళ్లకు ఇక్కడ ఉంది. 2022లో ఆర్థికవేత్తలు అసలు రిటర్న్‌ల మీద పరిశీలించి చూస్తే, ముందే నింపితే సరిగ్గా సరిపోయేవి 40 శాతానికి పైగా ఉన్నాయని తేలింది. ఇది తక్కువేమీ కాదు, 6 కోట్లకు పైగా రిటర్న్‌లు. పది మందిలో తొమ్మిది మంది దాకా స్టాండర్డ్ డిడక్షనే తీసుకుంటున్నారు కాబట్టి మినహాయింపులు దొరకకుండా పోతాయన్న భయానికీ పెద్ద ఆధారం లేదు. అందరికీ ఇదే సరిపోతుందని అమ్మడమే తప్పు. బిల్లు దీన్ని ఇష్టమైనవాళ్లు ఎంచుకునేదిగా ఉంచడం సరైన పని.

డైరెక్ట్ ఫైల్ నడిచిన రెండేళ్లలోనూ మనవాళ్లలో చాలామందికి అది సరిపోలేదని ఒప్పుకోవాలి. మొదటి ఏడాది హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల పొదుపు) ఖాతా ఉన్నా కుదరలేదు, వడ్డీ 1,500 డాలర్లు దాటినా కుదరలేదు. రెండో ఏడు ఈ రెండూ సర్దారు, డేకేర్ క్రెడిట్ చేర్చారు, డబ్ల్యూ-2 వివరాలు ఐఆర్ఎస్ ఖాతా నుంచి నేరుగా లాక్కునే ఏర్పాటు వచ్చింది. షేర్ల అమ్మకాలు మాత్రం చివరిదాకా రాలేదు. ఎఫ్-1 విద్యార్థులకు అసలు దారే లేదు, ఎందుకంటే వాళ్లలో ఎక్కువమంది వేయాల్సింది 1040 కాదు, నాన్‌రెసిడెంట్ల ఫారమైన 1040-ఎన్ఆర్. ఎఫ్-1 మీద వచ్చిన మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు నాన్‌రెసిడెంట్ లెక్క. 2023 ఆగస్టులో దిగినా 2023 ఒక ఏడాదే, కాబట్టి 2027 వరకు. చదువు తర్వాత పనిచేసే ఓపీటీలో ఉన్నా ఇదే. పైసా ఆదాయం లేకపోయినా 8843 ఫారం పంపాలి. పేరున్న ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో 1040-ఎన్ఆర్ ఉండదు, ఈ సంగతి ముందు చెప్పవు కూడా. విద్యార్థి నింపుకుంటూ పోతే 1040 తయారై, హక్కు లేని ఎడ్యుకేషన్ క్రెడిట్‌తో రీఫండ్ వచ్చేస్తుంది. తర్వాత సవరించి తిరిగి కట్టాలి, ఇమ్మిగ్రేషన్ కాగితాలప్పుడు అది తలనొప్పి. భారతదేశంతో ఉన్న పన్ను ఒప్పందం 21(2) కింద మన విద్యార్థులకు నాన్‌రెసిడెంట్ అయినా స్టాండర్డ్ డిడక్షన్ దక్కుతుంది, దీన్ని వదులుకునేవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వ సర్వీసు చట్టమైతే 1040-ఎన్ఆర్‌ను మొదటి మూడేళ్లలో చేర్చాలని అందులో రాయించాలి. వీసా రకం, వచ్చిన తేదీ అడిగితే ఏ ఫారమో చెప్పడం కంప్యూటర్‌కు పెద్ద పని కాదు.

చట్టం వచ్చేదాకా ఉన్నవాటితోనే సర్దుకోవాలి. ఫ్రీ ఫైల్ ఇంకా ఉంది, ఒప్పందం 2029 దాకా పొడిగించారు. 2025 ఆదాయానికి ఏజీఐ (కొన్ని సర్దుబాట్ల తర్వాత తేలే మొత్తం ఆదాయం) 89,000 డాలర్ల లోపున్నవాళ్లకు వర్తిస్తుంది. తప్పనిసరిగా ఐఆర్ఎస్ సైట్ నుంచే కంపెనీ పేజీకి వెళ్లాలి. అదే కంపెనీ సైట్‌కు నేరుగా వెళ్తే పేరులో ఫ్రీ అని ఉన్న వేరే సరుకు దొరుకుతుంది, సగం నింపాక డబ్బు అడుగుతుంది. ఆదాయం ఎక్కువైనవాళ్లకు ఫిల్లబుల్ ఫామ్స్ ఉన్నాయి, దానికి ఆదాయ పరిమితి లేదు. అయితే అది కాగితం ఫారాన్ని తెర మీద పెట్టినట్టే: కూడికలు కొంత చేస్తుంది, సలహా ఇవ్వదు, రాష్ట్ర రిటర్న్ రాదు. రాష్ట్రానిది విడిగా ఆ రాష్ట్ర సైట్‌లో చేసుకోండి. కాలిఫోర్నియాకు క్యాల్‌ఫైల్, పెన్సిల్వేనియాకు మైపాత్, ఇల్లినాయిస్‌కు మైట్యాక్స్ ఉచితం. చాలా సాఫ్ట్‌వేర్లు ఫెడరల్ ఉచితమని పిలిచి రాష్ట్రం దగ్గర వసూలు చేస్తాయి. మధ్యలో మీ సమాచారాన్ని ఇతర సేవల కోసం వాడుకోవచ్చా అని ఒక పేజీ సంతకం అడుగుతుంది. ఒప్పుకోనక్కర్లేదు, రిటర్న్ ఆగదు.

మనవాళ్ల రిటర్న్‌లు తిరస్కారమయ్యే కారణాల్లో పేరు ఒకటి. ఐఆర్ఎస్ చూసేది ఇంటిపేరు మొదటి నాలుగు అక్షరాలు, అదీ సోషల్ సెక్యూరిటీ రికార్డులో ఉన్నట్టు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి వీసా మీద ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడినవాళ్లకు, పేరు, ఇంటిపేరు తారుమారైనవాళ్లకు, డబ్ల్యూ-2లో ఒకలా, కార్డు మీద ఒకలా ఉంటుంది. ఆర్0000-500-01 అని కోడ్ వస్తే ఇదే సమస్య. డబ్ల్యూ-2ని పక్కన పెట్టి, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఉన్నట్టు వేసి మళ్లీ పంపండి. ఐఎన్‌డీ-031-04 వస్తే నిరుటి ఏజీఐ కలవలేదని అర్థం. నిరుటి 1040లో 11వ లైను చూడండి. నిరుడు వేయకపోయినా, వేసింది ఇంకా ప్రాసెస్ కాకపోయినా సున్నా పెట్టండి. ఐఆర్ఎస్ ఖాతాలో ఐపీ పిన్ (గుర్తింపు కోసం ఇచ్చే రహస్య నంబరు) తీసుకుంటే ఏజీఐ గొడవే ఉండదు. గడువు రోజు పంపింది తిరస్కారమైనా ఐదు రోజుల్లో సరిచేసి పంపితే సకాలంలో వేసినట్టే లెక్క.

బిల్లు విషయంలో మాట చెప్పడానికి ఓటు హక్కు ఉండాలని లేదు. హెచ్-1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డు ఉన్నా, మీ జిప్ కోడ్‌కు హౌస్‌లో ఒక ప్రతినిధి, సెనేట్‌లో ఇద్దరు ఉంటారు, వాళ్ల సైట్లలోనే ఉత్తరం రాసే పేజీ ఉంటుంది. పన్నుల బిల్లులు హౌస్‌లో వేస్ అండ్ మీన్స్, సెనేట్‌లో ఫైనాన్స్ కమిటీకి వెళ్తాయి. మీ సభ్యుడు వాటిలో ఉంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి. ఆపైన అడగాల్సినవి నాలుగు: ఏటా నిధులు ఆపలేని కేటాయింపు, 1099ల గడువు డబ్ల్యూ-2లతో సమానం చేయడం, నింపిన అంకెపై అభ్యంతరం చెప్పే వీలు, 1040-ఎన్ఆర్. మీది ఏ వీసా, ఏ ఫారం, నిరుడు ఫైలింగ్‌కు ఎంత కట్టారు అన్నది కూడా రెండు ముక్కల్లో చేర్చండి.